జీడిపిక్కంత ఎలుగుబంటి

ఎలుగుబంటి అంగన్‌వాడీలో చేరింది శుక్రవారం నాడు. చేరడమంటే పేరు రాయించుకుని చేరడం కాదు. తెల్లవారి ఆయా తవిటమ్మ వంటగది తలుపు తీసేసరికి బెల్లం డబ్బా ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది.

తవిటమ్మది పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అందులో ఆమె చూడని తనిఖీ లేదు గనుక కేక వేయలేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, గొళ్ళెం పెట్టి, చీపురు గోడకి ఆనించి, నాలుగిళ్ళ అవతల ఉన్న టీచరు నీలవేణి ఇంటికి నడిచి వెళ్ళింది.

"టీచరమ్మా, పిల్లల్ని ఇయ్యాల రావద్దని సెప్పండి. లోపల ఎలుగు కూకున్నాది."

నీలవేణి కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఎలా వచ్చింది?"

"వంటగది కిటికీకి సువ్వలు ఊడిపోనాయని పైకి నాలుగు పాలి రాసినాం గదా. ఆల్లు సదవనేదు. ఇది సదివినట్టుంది."

జీడిమెట్ట ఉద్దానంలోని ఊరు. ఊరి చుట్టూ జీడితోటలు, పనస, కొబ్బరి. వేసవి ముదిరి జీడిమామిడి పళ్ళు పండితే కొండ మీది ఎలుగులు దిగి రావడం, కడుపు నిండా తిని వెళ్ళిపోవడం ఆ ఊరివాళ్ళకి కొత్త కాదు. ఇది మాత్రం వెళ్ళలేదు. పొద్దు వాలాక కిటికీలోంచి తోటల్లోకి వెళ్ళడం, తెల్లారకముందే తిరిగొచ్చి పడుకోవడం. ఊరి మగవాళ్ళు అది లేని సమయం చూసి కిటికీకి ముళ్ళకంప అడ్డం పెట్టారు. దాన్ని లోపలికి లాక్కుని పరుపు చేసుకుంది. చెక్కలు కొట్టారు. చెక్కలు విరిచి వరండాలో పడేసింది. ప్రభుత్వ కట్టడంలో పగలంతా నిద్రపోవచ్చునన్న సంగతి దానికి ఎవరు చెప్పారో గాని, ఒకసారి తెలిశాక ఎవరు మాత్రం వదులుకుంటారు.

పిల్లల్ని పాలకేంద్రం వరండాలోకి మార్చారు. తొమ్మిదయ్యేదాకా అక్కడ క్యాన్ల చప్పుడు, తరవాత ఈగల చప్పుడు. పదడుగుల అవతల రోడ్డు, దాని మీద జీడిపిక్కల లారీలు. రెండో రోజు నాలుగేళ్ళ హేమంతు బంతి వెంట పరుగెత్తి రోడ్డు అంచుదాకా వెళ్ళాడు. తవిటమ్మ చొక్కా కాలరు దొరకబుచ్చుకుంది. మర్నాటి నుంచి హేమంతు రాలేదు. వాళ్ళ పక్కింటి కవలలూ రాలేదు.

కేంద్రంలో మొత్తం ఇరవై ఇద్దరు పిల్లలు. వారం తిరిగేసరికి పదిహేనుగురు మిగిలారు. పదికన్నా తగ్గితే కేంద్రాన్ని హైవే అవతలి ఊళ్ళో కలిపేస్తామని అంతకుముందే కాగితం వచ్చి ఉంది. మూడేళ్ళ పిల్లల్ని హైవే దాటించి ఏ తల్లీ పంపదు. కాబట్టి ఎలుగు పోవాలి. పోవాలంటే పంజరం కావాలి. పంజరం తాళం టౌనులో ఉన్న వన్యప్రాణి ఛాయాచిత్ర భద్రతా విభాగం వారి దగ్గర ఉంది.

"ఫొటోల ఆఫీసోళ్ళ కాడ పంజరం తాళం ఏల?" అంది తవిటమ్మ.

ఆ ప్రశ్నకి జవాబు ఫారెస్టు గార్డు గున్నయ్య చెప్పాడు. రెండేళ్ళ కిందట ఎవడో ఒక పెద్దమనిషి ఎలుగుకి ఎదురుగా నిలబడి ఫోనుతో తనకి తానే ఫొటో తీసుకోబోయాడట. ఎలుగు ఏమీ అనలేదు. పెద్దమనిషే వెనక్కి వెనక్కి నడిచి గోతిలో పడ్డాడు. ఆ గోతిలోంచి ఈ విభాగం పుట్టింది. అప్పటి నుంచి ప్రమాదకర జంతువు ఉందని చెప్పాలంటే ఫొటో ఉండాలి, ఫొటో తీయాలంటే భద్రంగా తీయాలి, ఈ రెండూ సరిపోతేనే పంజరం.

విభాగానికి ఉప సంచాలకులు పాణిగ్రాహి గారు. నీలవేణి వెళ్ళేసరికి బల్ల మీద అద్దం కింద ఉన్న ఉత్తర్వుల్ని మెత్తని గుడ్డతో తుడుస్తున్నారు. ఆమె దరఖాస్తు రెండుసార్లు చదివారు.

"భావావేశం ఉంది. భాష బాగుంది. ఛాయాచిత్రం లేదు."

నీలవేణి ఫోను తీసి చూపించింది. కిటికీకి ఎదురుగా ఉన్న మేడ మీంచి తీసిన ఫొటో.

"ఇందులో నలుపు మాత్రమే ఉంది," అన్నారు ఆయన.

"ఎలుగు నల్లగానే ఉంటుందండి."

"ఎలుగు నలుపు కావచ్చునమ్మా. నలుపంతా ఎలుగు కానక్కరలేదు కదా. గొంగళి కావచ్చు. మసిబారిన డేగిశా కావచ్చు. పైగా ఇది ఫోనుతో తీసినది. ఫోను సంభాషణ నిమిత్తం ఏర్పడిన సాధనం. ప్రమాదకర జంతువులను ఆమోదిత డిజిటల్ కెమెరాతో, వంద మీటర్లకు తగ్గని దూరం నుంచి, జంతువు ముఖము స్పష్టముగా గుర్తింపదగునట్లు తీయవలెను."

"ఆ ఆమోదిత కెమెరా ఏదో చెబితే ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకుంటామండి."

"అది ఇంకా ఎంపిక కాలేదు."

"ఎప్పుడవుతుందండి?"

"కమిటీ నిర్ణయిస్తుంది."

"కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది?"

పాణిగ్రాహి గారు కళ్ళజోడు తీసి ఆమెని మొదటిసారి ఆప్యాయంగా చూశారు. "మీరు రావడం మంచిదయింది. రెండేళ్ళుగా కమిటీ వేయడానికి తగిన జంతువు దొరకలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ గున్నయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, మన కొట్లో సెట్టుకి కట్టీసే కెమెరాలు రెండున్నాయి. ఎలుగు అటేపు పోతే సాలు, దాని ఫొటో అదే తీసీసుకుంటాది. మనిసే అక్కర్నేదు."

"ఫారం కింద ఛాయాచిత్రకారుని సంతకం ఉండాలి. ఎవరు పెడతారు? చెట్టా?"

గున్నయ్య ఆలోచించాడు. చెట్టు పెట్టదని ఒప్పుకున్నాడు.

కమిటీ మంగళవారం కూర్చుంది. అధ్యక్షులు పాణిగ్రాహి గారు. విషయ నిపుణులు వైకుంఠరావు గారు, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనాయన. ఆయన తీసిన మందారపువ్వుల ఫొటోలు జిల్లా స్థాయిలో రెండుసార్లు ప్రశంసాపత్రం పొందాయి. మందారం ఎప్పుడూ ఆయన మీదికి రాలేదు. క్షేత్రస్థాయి భాగస్వామి అనే పేరుతో నీలవేణికి చివరి కుర్చీ ఇచ్చారు. ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మీద దుకాణాల వాళ్ళు తెచ్చి పెట్టిన అయిదు కెమెరాలు, వాటి ముందు అంకెలు.

చర్చ లోతుగా సాగింది. ఫ్లాష్ ఉండాలా వద్దా అన్నది మొదటి అంశం. జంతువు కళ్ళలో వెలుగు కొడితే దాని గౌరవానికి భంగమని అధ్యక్షులు. చీకట్లో ఫొటో రాకపోతే శాస్త్రానికి భంగమని నిపుణులు. ఫ్లాష్ ఉండి, వెలగకుండా ఉండాలని తీర్మానించారు. మెడలో వేసుకునే పట్టీ గురించి ముప్పావుగంట పట్టింది. పట్టీ లేకపోతే కెమెరా పారేసి పరుగెత్తవచ్చు, కాని కెమెరా ప్రభుత్వ ఆస్తి. పట్టీ ఉంటే ఆస్తి నిలుస్తుంది, ఉద్యోగి సంగతి చెప్పలేం. చివరికి పట్టీ ఉండాలనే అనుకున్నారు.

"బరువు కూడా చూడండి," అంది నీలవేణి. ఊరికే కూర్చుంటే బాగుండదని.

"ఎందుకమ్మా?"

"మీదికొస్తే విసరడానికి."

వైకుంఠరావు గారు అది రాసుకున్నారు.

తరవాత మూడో అంకె కెమెరా వంతు. ముంజేయంత కటకం ఉన్నది. వైకుంఠరావు గారు దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి, దూరాన బస్టాండు దగ్గర పుచ్చకాయలు కోస్తున్న మనిషికి గురిపెట్టి నొక్కి, ఫొటో తెచ్చి చూపించారు. మనిషి మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. చేతిలో కత్తి తళతళమంటోంది. పాణిగ్రాహి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"ఎంత దూరంలో ఉన్నాడు ఇతను?"

"మూడొందల మీటర్లు ఉంటుంది."

"ఫొటోలో మూడు మీటర్లలో ఉన్నాడు."

"అదే దీని గొప్పతనం."

"అదే దీని ప్రమాదం," అన్నారు పాణిగ్రాహి గారు. ఆయనకే తాను అన్న మాట నచ్చినట్టుంది, లేచి నిలబడ్డారు. "రేపు ఇలాంటి ఛాయాచిత్రం ఫైల్లోకి వస్తుంది. పైవారు చూస్తారు. ఇంత దగ్గరికి మీ సిబ్బందిని ఎందుకు పంపారని సంజాయిషీ కోరతారు. నేను ఏమని మనవి చేయాలి? జంతువు ఛాయాచిత్రంలో ఎంత పెద్దగా కనిపిస్తే అంత దగ్గరగా తీసినట్టు. ఎంత దగ్గరగా తీస్తే అంత నిబంధనకు విరుద్ధం. కావున జంతువు పెద్దగా కనిపించడమే అభద్రతకు సాక్ష్యం."

"అలా కాదండీ, దూరదర్శక కటకం..." అని మొదలుపెట్టిన వైకుంఠరావు గారు, మధ్యాహ్నం భోజనంలో అధ్యక్షుల పక్కన కూర్చున్నాక, పరిమాణానికీ ప్రమాదానికీ అనులోమ సంబంధం ఉందని నల్లబల్ల మీద రుజువు చేశారు.

ఎంత చిన్నగా ఉండాలన్నది తేలాలి. ఈ ప్రాంతపు వారికి అర్థమయ్యే కొలత కావాలని అధ్యక్షులు కోరారు. జీడిపిక్క అన్నారు ఎవరో. ఛాయాచిత్రంలో జంతువు జీడిపిక్క పరిమాణమును మించరాదు అని తీర్మానం రాశారు.

"మరి మొహం స్పష్టంగా కనపడాలని ఉత్తర్వులో ఉంది కదండీ," అంది నీలవేణి.

"కనపడాలి. ఆ నిబంధన సడలించలేదు. జీడిపిక్క పరిమాణంలో స్పష్టంగా కనపడాలి."

ఆ సాయంత్రం ఆమె ఊరు చేరేసరికి పాలకేంద్రం వరండాలో పదమూడు మంది మిగిలారు.

తరవాతి ఘట్టం క్షేత్ర పరీక్ష. ఇక్కడొక చిక్కు వచ్చింది. కెమెరాకి భద్రతా ధ్రువపత్రం ఇవ్వాలంటే ప్రమాదకర జంతువు మీద పరీక్షించాలి. ధ్రువపత్రం లేని కెమెరాతో ప్రమాదకర జంతువుని ఫొటో తీయడం నేరం. పాణిగ్రాహి గారు ఈ చిక్కుని రెండు రోజులు ఏకాంతంగా అనుభవించి, ప్రత్యామ్నాయ జంతువు అనే మాట కనిపెట్టారు. ఆకారంలో ఎలుగుకి దగ్గరగా, స్వభావంలో నిరపాయంగా ఉండాలి. ఆఫీసులో అలాంటివాడు గున్నయ్య ఒక్కడే.

మిట్టమధ్యాహ్నం, ఆఫీసు వెనక మైదానంలో, గున్నయ్య నల్లగొంగళి కప్పుకుని నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు. నీలవేణి సాక్షి. వంద మీటర్లు టేపుతో కొలిచి సున్నం గీత గీశారు. గీత ఇవతల గొడుగు కింద కమిటీ.

"జంతువు కొంచెం ఎడమకి జరగాలి," అని వైకుంఠరావు గారు కేకవేశారు.

జంతువు జరిగింది.

"జంతువు స్పందన ఎలా ఉంది?" అని అధ్యక్షులు అడిగారు, నమోదు చేయడానికి.

"సెమట కారిపోతన్నాది సార్," అంది జంతువు.

మూడో కెమెరాలో గున్నయ్య గొంగళికి పడ్డ చిల్లులు కూడా కనిపించాయి. కొట్టేశారు. ఒకటో కెమెరాలో గుమ్మడికాయంత ఉన్నాడు. కొట్టేశారు. నాలుగోదానిలో మామిడికాయంత, రెండోదానిలో కోడిగుడ్డంత. మిగిలింది అయిదోది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, కటకం కదలదు, ఎదురుగా ఉన్న లోకాన్నంతా ఒక్కసారే మింగేస్తుంది. దాని ఫొటోలో ఆకాశం ఉంది, ప్రహరీ ఉంది, పక్కవీధి నీళ్ళట్యాంకు ఉంది.

"జంతువు ఎక్కడ?" అన్నారు అధ్యక్షులు.

వైకుంఠరావు గారు భూతద్దం పెట్టి వెతికారు. "ఇదిగో ఇక్కడ... కాదు. ఇది కొబ్బరి డొక్క." మళ్ళీ వెతికారు. "ఇది నేననుకుంటాను, నా నీడ." అద్దం కింద పెట్టేశారు. "కనిపించడం లేదండీ."

పాణిగ్రాహి గారి ముఖం విప్పారింది. "చూశారా. ఎంత భద్రంగా ఉందో."

గున్నయ్యని లేవమని చెప్పడం ఎవరికీ గుర్తు లేదు. నీలవేణి మంచినీళ్ళ సీసా పట్టుకుని సున్నం గీత దాటి వెళ్ళింది. "లే గున్నయ్యా. నువ్వు లేవని తేలిపోయింది."

"బతికిపోనాను టీచరమ్మా," అన్నాడు గున్నయ్య గొంగళిలోంచి.

ధ్రువపత్రం పొందిన కెమెరా ఆ శనివారమే జీడిమెట్ట వచ్చింది. రెండు జీపులు, ఒక టేపు, ఒక డబ్బా సున్నం. అంగన్‌వాడీకి వంద మీటర్ల అవతల పాణిగ్రాహి గారు గీత గీయించి, క్షేమం కోసం ఇంకో యాభై మీటర్లు వెనక్కి జరిగి గీతని మళ్ళీ గీయించారు. ఊరంతా వాళ్ళ వెనక చేరింది.

సాయంత్రం అయిదున్నరకి ఎలుగు కిటికీలోంచి దిగింది. ఏ తొందరా లేకుండా వరండాలోకి వచ్చింది. స్తంభానికి వీపు ఆనించి పైకీ కిందికీ రుద్దుకుంది. ఆవులించింది. ఊరివాళ్ళకి దాని నాలుక కూడా కనిపించింది. 'అదుగో' అని ఎవరో అంటే పాణిగ్రాహి గారు జీపు ఎక్కి కూర్చున్నారు, అద్దం ఎత్తుకున్నారు. వైకుంఠరావు గారు చెయ్యి మాత్రం బయటపెట్టి పదకొండు ఫొటోలు తీశారు.

ఉత్తర్వు బుధవారం వచ్చింది. నీలవేణి పాలక్యాను మీద కూర్చుని చదివింది. "ఆమోదిత కెమెరాతో, ఆమోదిత దూరము నుండి తీసిన పదకొండు ఛాయాచిత్రములలోనూ ఎట్టి జంతువూ కనిపించనందున, సదరు కేంద్రములో జంతువు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కేంద్రమును సోమవారము నుండి యథావిధిగా నడపవలెను. నడపనిచో కారణములు తెలుపవలెను. లేదా విలీనమునకు సమ్మతించినట్లు భావింపబడును."

ఆమె ఆ కాగితం పట్టుకుని మొదటి బస్సుకి టౌనుకి వెళ్ళింది.

"మీరు కళ్ళతో చూశారు కదండీ," అంది.

"చూశాను," అన్నారు పాణిగ్రాహి గారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "కాని కళ్ళు ఆమోదిత పరికరాలు కావమ్మా."

"అందులోకి పిల్లల్ని పంపమంటారా?"

"పంపమని నేననను. పంపకూడదని ఫైలు అనడం లేదు."

తిరుగు బస్సులో ఆమెకి కోపం రాలేదు. కోపం పెట్టుకుంటే పనికి అడ్డు. వరండాలో ఆ రోజు పదకొండు మంది. ఇంకో ఇద్దరు మానేస్తే విలీనం. పిల్లలు లేకుండా సోమవారం గడిచినా విలీనమే. లోపల ఉన్నదేమో లేదని ధ్రువపత్రం. ఇంట్లో ఎవరూ ఒప్పుకోని పనిని చేయించాలంటే ఆడవాళ్ళకి తెలిసిన మార్గం ఒకటుంది. కాదనకూడదు. అవునవునని, పీట వేసి కూర్చోబెట్టాలి.

ఆ రాత్రి కాక, మర్నాడు పొద్దున్నే, పిల్లలు పాట పాడుతుండగా, ఆమె ఉత్తరం రాసింది. "తమ ధ్రువీకరణకు గ్రామస్తులు కృతజ్ఞులు. జంతురహితమైన కేంద్రమును సోమవారము పది గంటలకు పునఃప్రారంభించుచున్నాము. తమరు రిబ్బను కత్తిరించి, ప్రథమముగా లోనికి ప్రవేశించి, వంటగదిలో పాలు పొంగించవలసినదిగా ప్రార్థన. తమ రాక పత్రికలవారికి తెలియజేయడమైనది."

"ఆయన వొత్తాడా?" అంది తవిటమ్మ.

"రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. చెప్పడానికి కారణం కావాలి. ఆ కారణం లోపల పడుకునుంది."

సోమవారం పది గంటలకి ఆయన వచ్చారు. గుమ్మానికి ఎర్ర రిబ్బను, పైన మామిడాకులు. టెంటు కింద ఊరంతా కూర్చుంది, ఎందుకైనా మంచిదని వెనక వరుసల నుంచి నింపుకుంటూ వచ్చారు. పిల్లలు మాత్రం పాలకేంద్రంలోనే ఉన్నారు, గేటు వేసి, ఇద్దరు తల్లుల కాపలాలో. అతిథి కంటే ముందు పిల్లలు లోపలికెళ్తే మర్యాద కాదని నీలవేణి అందరికీ చెప్పి ఉంచింది.

తవిటమ్మ పళ్ళెంలో కత్తెర పెట్టి అందించింది. పాణిగ్రాహి గారు కత్తెర తీసుకున్నారు. రిబ్బను దగ్గరికి రెండడుగులు వేశారు. ఆగారు.

"ఆ శబ్దం ఏమిటి?"

లోపలి నుంచి రంపం కోసినట్టు గురక. మధ్యమధ్య ఆగుతోంది, ఆగినప్పుడు ఇంకా బాగులేదు.

"ఏ శబ్దమండీ?" అంది నీలవేణి. "ఫొటోల్లో ఏ శబ్దమూ లేదే."

"ఫేనేమో సార్," అంది తవిటమ్మ.

"కరెంటు ఉందా?"

"నేదు సార్. పొద్దున్నే పోనాది."

పాణిగ్రాహి గారు వెనక్కి తిరిగారు. "వైకుంఠరావు గారూ, విద్యావేత్తలు. ఈ గౌరవం మీకు దక్కడం సమంజసం."

"అయ్యో, నేను విషయ నిపుణుణ్ణి మాత్రమే," అన్నారు వైకుంఠరావు గారు అప్పటికే జీపు పక్క నుంచి. "ప్రారంభం పరిపాలనా విషయం."

"గున్నయ్యా, నువ్వు నాతో రా."

"మీ యెనకాలే ఉంటాను సార్."

"ఎంత వెనక?"

"వంద మీటర్లు సార్. రూలు గదా."

ముందు వరుసలో ఉన్న ముసలాయన ఒకాయన, చుట్ట తీసి, "ఎల్లండి బావూ. నేనిదానికి బయమేటి. నేదని కాయితం ఇచ్చినారు గదా," అన్నాడు. నవ్వలేదు. టెంటు కింద ఎవరూ నవ్వలేదు. అంతమంది ఒకేసారి నవ్వకుండా ఉండటం ఆ ఊళ్ళో అదే మొదలు.

పాణిగ్రాహి గారు రిబ్బనుని చూశారు. గొళ్ళెం చూశారు. లోపల గురక ఆగి, ఏదో బరువైనది అటు నుంచి ఇటు పొర్లింది. డేగిశా ఒకటి దొర్లుకుంటూ పోయిన చప్పుడు. కత్తెర ఆయన చేతిలో దానంతటదే తెరుచుకుని మూసుకుంది.

"అమ్మా," అన్నారు ఆయన, గొంతు బాగా తగ్గించి. "మీకు పంజరమే కదా కావలసింది."

"అవునండి."

"జంతువు ఉందని నేను రాయలేను. లేదని ధ్రువీకరించి ఉన్నాను. నా సంతకాన్ని నేను కాదనలేను."

"రాయద్దండి," అంది నీలవేణి. చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకున్న కాగితం తీసి ఇచ్చింది. "ఇలా అయితే ఇబ్బంది ఉండదేమో చూడండి."

ఆయన చదివారు. "ఆమోదిత ఛాయాచిత్రములలో కనిపించని జంతువు, మున్ముందు కూడా కనిపించకుండునట్లు చూచుటకై, ముందుజాగ్రత్త చర్యగా, ఒక పంజరమును తక్షణము మంజూరు చేయడమైనది."

రెండోసారి చదివారు. ఎండలో, ఆ గుమ్మం ముందు, గురక మళ్ళీ మొదలవుతుండగా, ఆయన ముఖంలో భయం పోయి గౌరవం వచ్చింది. "మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

"బి.ఏ. అండీ. పరీక్షల్లో ఇలా రాస్తే మార్కులు వేయలేదు."

"వాళ్ళకి తెలియదు," అన్నారు పాణిగ్రాహి గారు బాధగా. గోడకి కాగితం ఆనించబోయి, ఆ గోడ అవతల ఏముందో గుర్తొచ్చి, తవిటమ్మ పట్టుకున్న పళ్ళెం మీద పెట్టి సంతకం చేశారు. పునఃప్రారంభం సాంకేతిక కారణాల వల్ల రెండు రోజులు వాయిదా పడిందని మైకులో ప్రకటించి, జీపు ఎక్కారు. కత్తెర ఆయనతోనే వెళ్ళిపోయింది.

పంజరం మంగళవారం వచ్చింది. దాన్ని కిటికీ కింద దించి, లోపల పండిన పనసకాయ కోసి పెట్టారు. ఊరంతా ఆ వాసన. ఎలుగు మధ్యాహ్నమే లేచి, నిద్రమొహంతో వచ్చి, పంజరంలోకి వెళ్ళి, పనసకాయ ముందు కూర్చుంది. వెనక తలుపు పడిన చప్పుడికి తలైనా తిప్పలేదు. దాన్ని లారీలోకి ఎక్కించడానికి పదిమంది మగవాళ్ళు కావలసి వచ్చారు.

వెంట వెళ్ళిన గున్నయ్య చేతిలో కాగితం ఉంది: 'ఖాళీ పంజరము తిరిగి తీసుకుపోబడుచున్నది.' కొండ కింద చెక్‌పోస్టు దగ్గర ఆపారట.

"లోపలేటి?"

"ఖాళీ."

"గుర్రుమంటన్నాది?"

"కొత్త పంజరం. బిగుతు."

చెక్‌పోస్టువాడు ఒకసారి పంజరాన్ని, ఒకసారి సంతకాన్ని చూశాడు. సంతకాన్నే నమ్మాడు.

బుధవారం పొద్దున్న నీలవేణి, తవిటమ్మ వంటగది మూడుసార్లు కడిగారు. గోడ మీద వెంట్రుకలు, కింద ముళ్ళకంప, మూలన నలిగిన బెల్లం డబ్బా. ఊరివాళ్ళే కిటికీకి ఇనపచువ్వలు వేశారు, ఈసారి పైకి ఎవరికీ రాయలేదు. గురువారం పిల్లలు లోపలికి వచ్చారు. పదకొండు మందితో మొదలై, గుడ్లు ఉడికే వేళకి పద్దెనిమిది అయ్యారు. హేమంతుని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి, గుమ్మం దగ్గర వదిలి, లోపలికి ఒకసారి తొంగి చూసి వెళ్ళింది.

గున్నయ్య పదకొండింటికి వచ్చాడు. నెత్తి మీద టోపీ లేదు. జేబులోంచి ఫారం తీసి బల్ల మీద పరిచాడు.

"ఇదొక్కటి నింపీసి సంతకం పెట్టండి టీచరమ్మా. ఫైలు మూసీత్తారంట."

నీలవేణి చూసింది. అన్నీ నిండి ఉన్నాయి. ఒక్క గడి ఖాళీ. 'పంజరము తెరువగా వెలుపలికి వచ్చినది.'

"ఏం వచ్చింది?" అంది.

"మీకు తెలీదా."

"నాకు తెలుసు. ఫైలుకి ఏం తెలుసో అడుగుతున్నాను."

గున్నయ్య బుర్ర గోక్కున్నాడు. ఎలుగు అని రాస్తే పాణిగ్రాహి గారి ఉద్యోగానికి ముప్పు, ఆపైన పంజరం మంజూరు చెల్లదు, పంజరం చెల్లకపోతే ఎలుగుని తిరిగి తెచ్చి అంగన్‌వాడీలో పెట్టాలి. ఏమీ రాలేదు అంటే, ఏమీ రానిదానికి తలుపు ఎందుకు తీశావని అడుగుతారు.

నీలవేణి కలం తీసుకుని ఆ గడిలో ఒక మాట రాసింది. గున్నయ్య కూడబలుక్కుని చదివాడు.

"గాలి."

"పంజరం తెరిస్తే వచ్చేది అదే కదా."

"అయితే టీచరమ్మా, గాలి నా టోపీ లాక్కుని నమిలీసింది. కొత్త టోపీకి అర్జీ ఎలగ పెట్టడం?"

నీలవేణి సంతకం చేసి, కాగితం మడిచి అతని చేతికిచ్చింది. "గాలికి పోయిందని రాయి. అనుమానం వస్తే ఫొటో అడుగుతారు, కంగారు పడకు. ఎవరినైనా వాళ్ళ కెమెరాతో నూటయాభై మీటర్ల నుంచి నీ తలకాయ తీయమను," అని, గుడ్లు ఒలవడానికి లోపలికి వెళ్ళింది.